క్యాంటీన్ గోడ మీద తొందరబావ

నేను మొదటిసారి చచ్చిపోయింది మా మిల్లు క్యాంటీన్ గోడ మీద. ఇడ్లీ ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాను. నా ముందున్నవాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు, గోడను చూశాడు, మళ్లీ నన్ను చూసి పకపకా నవ్వాడు.

"ఏటి బావా, సచ్చిపోయి కూడా టిఫినుకొచ్చీసేవా?"

నాకు ముందు అర్థం కాలేదు. వాడి వేలు చూపించిన వైపు చూశాను. గోడకి కొత్తగా కొట్టిన అద్దాల బోర్డులో ఒక బొమ్మల కథ ఉంది. అందులో క్రేను కింద నుంచి దర్జాగా నడిచిపోతున్నవాడికి చేటల్లాంటి చెవులున్నాయి, ఒక పక్క పైకి లేచిన మీసం ఉంది, మెడలో తువ్వాలుంది. క్యాంటీనంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

మాది గాజువాక దాటాక ఉండే చిన్నాచితకా ఫ్యాక్టరీల్లో ఒకటి. ఇనుప కడ్డీలు తీసే మిల్లు. తొంభైల్లో అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పొలం పనులు వదిలి వచ్చినవాళ్లే. చాలామందికి సంతకం తప్ప అక్షరం రాదు. జాగ్రత్తలు చెప్పే ఇంగ్లీషు బోర్డులు గోడల నిండా ఉండేవి. వాటి కింద కూర్చుని మేం బీడీలు కాల్చుకునేవాళ్లం. ఇది చూసి చూసి విసిగిపోయిన మేనేజరొకాయన, డ్రాయింగ్ ఆఫీసులో బోల్టులూ గేర్లూ గీసుకునే మనిషిని పిలిచి, నెలకో బొమ్మల కథ వేసి క్యాంటీన్లో పెట్టమన్నాడు. ఆ మనిషి సన్నగా, మాట బయటికి రాకుండా ఉండేవాడు. కంచరపాలెం నుంచి బస్సులో వచ్చేవాడు. ఆయన బొమ్మలేస్తాడని అప్పటిదాకా మాకెవరికీ తెలీదు.

ఆ కథల్లో హీరో ఎప్పుడూ ఒకడే. పేరు తొందరబావ. ప్రతి కథకీ ఆరు గళ్లు. మొదటి గడిలో క్యారేజీ ఊపుకుంటూ గేటు లోపలికి వస్తాడు. తరవాత హెల్మెట్ లేకుండానో, బెల్టు కట్టుకోకుండానో, తిరుగుతున్న మిషన్‌లో చెయ్యి పెట్టో, చేయకూడని పని చేస్తాడు. ఐదో గడిలో మనిషి ఉండడు. నెత్తురు గానీ, విరిగిన చెయ్యి గానీ ఉండదు. బల్ల మీద మూత తీయని క్యారేజీ ఒకటి ఉంటుంది, అంతే. ఆరో గడిలో మిగతా పనివాళ్లు వీపులు మనవైపు పెట్టి నిలబడి ఉంటారు. పై నెల కాగితం మారేసరికి తొందరబావ ఏమీ జరగనట్టు మళ్లీ క్యారేజీ ఊపుకుంటూ గేటు లోపలికి వచ్చేవాడు.

ఇప్పుడు నిదానంగా ఆలోచిస్తే, అలాంటి చెవులూ అలాంటి మీసమూ మా షెడ్డులో ఇంకా చాలామందికి ఉన్నాయి. మెడలో తువ్వాలు లేనివాడు ఎవడు? కానీ ఆ మొదటి కథ బోర్డెక్కడానికి కొద్దిరోజుల ముందే నేను క్రేను ఎత్తిన సరుకు కింద నుంచి అడ్డదారిన నడిచిపోతూ ఫోర్‌మన్ చేతికి చిక్కాను. ఆయన నలుగురిలో పెట్టి నన్ను కడిగేశాడు. వెంటనే బోర్డు మీద అదే కథ! ఇక నేను కాదంటే నమ్మేవాడెవడు?

అప్పటినుంచి నా బతుకు బజారున పడింది. నెల మొదట్లో డ్యూటీకి వెళ్లాలంటేనే సిగ్గుగా ఉండేది. "ఈ నెల దేన్లో పడ్డావు బావా?" అని ఒకడు, "ఒదినమ్మకి సెప్పేవా?" అని ఒకడు. షేర్ ఆటోలో ముందుసీటు అంచున కూర్చుంటే, "దిగు బాబూ దిగు, నువ్వెక్కితే బండి బోల్తా కొడతాది" అని డ్రైవరు కూడా వెటకారం. ఒకసారి ఒళ్లు మండి మీసం తీయించేశాను. పై నెల తొందరబావ మీసంతోనే వచ్చాడు. "పాత పొటో బావా" అని నవ్వారు. మీసమూ పోయింది, పరువూ రాలేదు. ఇంట్లో మా ఆవిడ నా మొహం చూసి, "ఏటయ్యా ఈ అవతారం?" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంత కోపంలోనూ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బొమ్మలు నన్ను వదిలేవి కాదు. అందరూ వెళ్లిపోయాక టీ గ్లాసు పట్టుకుని బోర్డు దగ్గరికి నేనే వెళ్లేవాణ్ణి. పెన్సిలూ నల్ల ఇంకూ తప్ప రంగుల్లేవు. కొలిమిలోంచి వచ్చే కడ్డీకి మాత్రం ఎర్ర పెన్సిలు రాసేవాడు. క్రేను కొక్కెం చూస్తే దాని బరువు మన మెడ మీద పడేది. వీపులు గీశాడు చూడండీ, ఏ వీపు నైట్ డ్యూటీ చేసి వచ్చిందో చెప్పేయొచ్చు. ఇంత పనితనం పెట్టి కింద తన పేరు వేసుకునేవాడు కాదు. "భద్రతా విభాగం" అని ఉండేది. ఆ విభాగంలో వాళ్లకి గీత గీయడం కూడా రాదు.

ఒక ఏడాది భద్రతా వారోత్సవాలకి ఆ కథలన్నీ కలిపి పుస్తకం వేసి ఇంటికొకటి పంచారు. అప్పటిదాకా మిల్లు లోపలున్న సిగ్గు ఇంటికి వచ్చేసింది. మా అమ్మాయికి అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం వస్తోంది. కంచరపాలెంలో ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు పుస్తకం చంకలో పెట్టుకుపోయింది. "నానమ్మా, ఇందులో కూడా నాన్న సచ్చిపోయేడు" అని పేజీ పేజీకీ చెప్పడం మొదలెట్టింది.

మా అమ్మకి చదువు రాదు. కానీ ఆ పుస్తకం ఎవరి సాయం లేకుండానే చదివేసింది. ఐదో గడి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగి క్యారేజీ మీద చెయ్యి వేసేది. "అన్నం తినకుండానే పోనాడు" అని కళ్లు తుడుచుకుంది. అంతలోనే తేరుకుని నామీద పడింది. "ఎవడ్రా ఆడు? నెలనెలా నా కొడుకుని సంపుకు తింతన్నాడు! నువ్వు సూత్తూ ఊరుకున్నావా?"

మర్నాడే డ్రాయింగ్ ఆఫీసుకి వెళ్లాను. ఆయన బ్లేడుతో పెన్సిలు చెక్కుకుంటున్నాడు. దార్లో నలుగురికీ వినబడేలా తిట్టుకుంటూ వెళ్లానేమో, మిగతావాళ్లు తలలు దించుకుని కూర్చున్నారు.

"నా మొకం తియ్యి" అన్నాను.

"అది నీ మొకం కాదు బావా."

"మరెవలిది? సెవులు నావి, మీసం నాది, మిల్లంతా నన్నే తొందరబావంతంది. నా కూతురు కూడా అంతంది!"

ఆయన చెక్కిన పెన్సిలునే ఇంకా చెక్కుతున్నాడు.

"పోనీ మీసం తీసీ. సెవులు తగ్గించు."

"అవి తీసేత్తే ఆడు ఆడు కాడు బావా."

అది విని నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే ఆణ్ణి ఒక్కసారే సంపీసి వొదిలీ! మళ్లీ గేటులోకి రానీకు. నాకీ ఎదవ నవ్వులొద్దు. పరువుగా బతకనీ" అన్నాను.

ఆయన బ్లేడు కింద పెట్టి తలెత్తాడు. "అదే కావాలా బావా?"

"అదే."

"సరే" అన్నాడు.

పై నెల బోర్డు మీదికి కథ వచ్చింది. ఐదు గళ్లూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆరో గడిలో మనుషుల వీపుల్లేవు. ఒక ఇంటి గోడ. గోడకి ఫొటో. ఫొటోలో తొందరబావ తిన్నగా మనల్నే చూస్తున్నాడు. నుదుట బొట్టు, మెడలో బంతిపూల దండ, కింద దీపం. అన్నేళ్లలో మొదటిసారి ఎరుపు కాక ఇంకో రంగు వాడాడు. బంతిపూలకి పసుపు.

ఆ రోజు ఒక్కడూ నవ్వలేదు. నా పక్కన కూర్చుని తినేవాడు ప్లేటు తీసుకుని ఇంకో బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. బతికున్నవాడి ఫొటోకి దండ వేయడమా! పెళ్లి ఫొటోకి సరదాగా పువ్వు గుచ్చినా పెద్దవాళ్లు చెయ్యి మీద కొట్టే ఇళ్లు మావి. సాయంత్రానికి కబురు మా ఇంటికి చేరిపోయింది. మా ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసి, ఆ రాత్రి నన్ను గుమ్మం దాటనివ్వలేదు.

కబురు కంచరపాలెం కూడా వెళ్లింది. మర్నాడు షిఫ్టు మారే వేళకి మా అమ్మ మిల్లు గేటు ముందు ప్రత్యక్షం! జుట్టు విరబోసుకుని, రోడ్డు పక్కన దుమ్ము గుప్పిట నిండా పట్టుకుని నిలబడింది. దుమ్మెత్తి పోసి శాపనార్థాలు పెట్టిందంటే మా వైపు ఎంతటివాడైనా వణుకుతాడు. వందల మంది మధ్య నాకు భూమిలో దూరిపోదామనిపించింది. "పోదాం పదే అమ్మా" అని చెయ్యి పట్టుకుంటే విదిలించి పారేసింది.

"ఎవడ్రా నా కొడుక్కి దండేసినోడు? రారా బయిటికి! నీ జిమ్మడ, నీ సేతులిరిగిపోనూ! బతికున్నోడికి దీపమెడతావా?"

ఆయన బయటికి వచ్చాడు. పారిపోలేదు, కాదనలేదు. తిట్లన్నీ అయ్యేదాకా చేతులు కట్టుకుని ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అన్నాడు.

"అమ్మా, ఆడు నీ కొడుకు కాదమ్మా. మా అన్న."

గేటు దాటిపోతున్నవాళ్లు వెనక్కి వచ్చి చుట్టూ మూగారు.

"ఇక్కడ కాదులే, వేరే కాడ పన్జేసీవోడు. నీ కొడుకులాగే సెవులు. పొద్దున్న క్యారేజీ అట్టుకుని ఎల్లేడు. సాయంత్రం క్యారేజీ ఒక్కటే ఇంటికొచ్చింది, మూత తియ్యకుండా. ఈ దండ మా ఇంటి గోడ మీదున్నదేనమ్మా. సూసి గీసేను." అప్పుడు ఆమెకి నన్ను చూపించాడు. కోపంగా కూడా కాదు. "నెలకోపాలి ఆణ్ణి గేటులోకి రప్పించుకునీవోణ్ణి. నీ కొడుకు, పరువుగా బతకాల, ఒక్కసారే సంపీసి వొదిలీమన్నాడు. వొదిలీసేను."

మా అమ్మ గుప్పిట విప్పింది. దుమ్ము ఆమె కాళ్ల మీదే రాలింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, "పెళ్లయిందేటి నాయనా ఆడికి?" అని అడిగింది.

"సంబంధం సూత్తన్నాం అమ్మా, అప్పుడు."

ఆమె గేటు పక్కనే చతికిలబడి, మొహం ఎరగని ఆ మనిషి కోసం బావురుమంది. నేను ఎటు చూడాలో తెలీక మిల్లు గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు బస్సులో అమ్మ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. దిగే ముందు మాత్రం, "పరువుగా బతుకు నాయనా" అంది. చెంపదెబ్బ కొట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

ఆ నెల నుంచి ఆయన బొమ్మలు మానేశాడు. ఎవరూ అడగలేదు. మేనేజరు మారాడు, కొత్తాయనకి ఆ సంగతే తెలీదు. బోర్డులో కొన్నాళ్లు సున్నం రాలింది. తరవాత ఎవరో క్యాలెండరు తగిలించారు. రెండు వేల సంవత్సరం దాటాక కంప్యూటర్లో తీసిన ఫ్లెక్సీలు వచ్చాయి. వాటిలో నలగని చొక్కా వేసుకున్న ఎర్రటి దొర బొటనవేలు పైకెత్తి నవ్వుతుంటాడు. వాడి పేరు తొందరా కాదు, వాడు మాకు బావా కాదు. వాడి కింద మళ్లీ బీడీలు కాల్చుకోవడం మొదలైంది. మిల్లులో నన్ను చూసి నవ్వేవాడు ఎవడూ మిగల్లేదు. నాకు కావలసిన పరువు నాకు దక్కింది, దానితో ఏం చేసుకోవాలో తెలియలేదు.

కానీ ఇంకో సంగతి చూశాను. కొత్తగా చేరినవాళ్లు సరుకు కింద నుంచి నడవబోతే పాతవాళ్లు కేకేసేవారు: "ఓరె, తొందరబావలాగ పోకు!" వాడెవడో ఆ కొత్తవాళ్లకి తెలీదు. అయినా ఆగేవారు. మా అమ్మాయి కాలేజీకి వచ్చాక ఆ పాత పుస్తకం అట్ట అంటించి దాచుకుంది. స్నేహితులకి ఐదో గడి చూపించేది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నాన్నా, ఇది గీసినాయన పేరు చెప్పు, పుస్తకం మీద రాస్తాను" అంది. చెప్పాను. ఆమె రాస్తుంటే నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

ఆయన రిటైరైన రోజున అందరూ శాలువా కప్పి, డ్రాయింగులు శ్రద్ధగా గీసేవారని మెచ్చుకున్నారు. బొమ్మల మాట ఒక్కరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. జనం పల్చబడ్డాక బస్సుస్టాపు దాకా ఆయన సంచీ నేనే మోసుకెళ్లాను. అక్కడ ఇక ఆగలేక అడిగేశాను.

"బావా, మళ్లీ గియ్యి. ఈపాలి నిజంగా నా మొకమే ఎట్టి గియ్యి. ఎంతమంది నవ్వినా నానేటీ అనను. ఆణ్ణి మళ్లీ గేటులోకి రప్పించు."

ఆయన సంచీ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"గియ్యకేటి బావా, ఇంటికాడ సానాపాల్లు గీసేను. సెవులు కుదురుతన్నాయి, మీసం కుదురుతంది. సేతికి క్యారేజీ కూడా ఇత్తన్నాను. ఒకపాలి దండేసీసేను కదా, ఆడింక నడవడం లేదు."