అమ్మ పక్కన చోటు బ్యూలాది

నిన్న పొద్దున మిల్లులో షిఫ్ట్‌లో ఉన్నాను. అమ్మ కుప్పకూలిందని ఫోన్.

చేసింది బ్యూలా. ఆసుపత్రి వాళ్ళు కూడా ముందు దానికే చెప్పారు. అమ్మ ఫోన్‌లో మొదటి నంబర్ దానిదట.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. హార్ట్ ఎటాక్ అన్నారు.

నాకన్నా ముందు చేరిన దానికే అమ్మ చివరి మాట కూడా దక్కింది.

అవును, నాకు కుళ్ళే. ఈరోజు కూడా.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. బ్యూలా మా పిన్ని కూతురు. రెండేళ్ళ క్రితం మిరపకోతకి వెళ్తున్న ఆటో బోల్తా పడి, పిన్ని దాని కళ్ళముందే పోయింది. అప్పుడు దానికి పదిహేనేళ్ళు. అమ్మ పెదకాకానిలో మా ఇంటికి తెచ్చుకుంది.

అది ఏడవలేదు. ఆటో చప్పుడు వింటే మాత్రం బిగుసుకుపోయేది. నిద్ర లేదు. గాలి సోకిందన్నారు జనం.

ఒకరోజు తన వెండి పట్టీలు నా చేతిలో పెట్టింది. పిన్ని కొనిపెట్టినవి.

"నువ్వే ఉంచుకో అక్కా. నాకింక ఎందుకు?"

నేను అవి పెట్టుకుని ఘల్లుఘల్లుమంటూ ఇల్లంతా తిరిగాను.

"ఎక్కడివే అవి?" అంది అమ్మ.

"బ్యూలా ఇచ్చింది. దానికైనా నేను కనిపిస్తున్నాలే."

అమ్మ గరిటె పడేసి లేచింది. నేరుగా దాని ముందు కూర్చుంది.

"బ్యూలా, చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?"

నేను అరిచాను. "అలా అడుగుతారా ఎవరైనా? లేని ఆలోచన పెడతావా దాని బుర్రలో?"

"నోర్ముయ్యవే. తల్లి గుర్తుగా మిగిలినవి ఇచ్చేస్తోందంటే ఏంటర్థం? ఆ ఆలోచన నేనడిగితే వచ్చేది కాదు. ఎప్పుడో వచ్చి కూర్చుంది."

బ్యూలా తలూపింది.

అమ్మ తిట్టలేదు. పాపమని బైబిల్ వాక్యం చెప్పలేదు. "ఎప్పటినుంచి?" అని అడిగి, అది చెప్పిందంతా వింది. ప్రమాదమనిపించినవన్నీ ఇంట్లోంచి తీయించేసింది. దాన్ని ఒంటరిగా వదల్లేదు. మర్నాడు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని మానేసి, గుంటూరులో సైకియాట్రిస్ట్‌కి చూపించింది.

"ప్రార్థన చేయిస్తే పోయేదానికి డాక్టరెందుకు మార్తమ్మా?" అంది ఎదురింటావిడ.

"ప్రార్థనా చేయిస్తా, డాక్టర్‌కీ చూపిస్తా. నీ కూతురికి కాలు విరిగితే పాట పాడి ఊరుకున్నావా?"

అప్పటినుంచి అమ్మ పక్కన చాప దానిది. నేను గోడవైపుకి జరిగాను. నాకు జ్వరమొచ్చిన రోజు కూడా దాన్నే చెకప్‌కి తీసుకెళ్ళింది. నాకు మాత్ర ఇచ్చి, "నువ్వు గట్టిదానివిలే" అంది.

ఎవరు చెప్పారమ్మా నీకు, గట్టిదాన్నని?

నిన్న సాయంత్రమే అమ్మని సమాధి చేసి వచ్చాక అందరూ దాని చుట్టూ చేరారు. "నువ్వు ఏడిస్తే పెద్దమ్మ ఆత్మ బాధపడుతుంది." "ధైర్యంగా ఉండాలి."

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. గట్టిదాన్ని కదా.

బ్యూలా గోడవంక చూస్తోంది. అన్నం ముట్టలేదు.

నాకు ఒళ్ళు మండింది. అందర్నీ బయటికి పంపేశాను. కోపమొచ్చినవాళ్ళు వచ్చి నన్ను తిట్టండి. దానికి మాత్రం నీతులు చెప్పకండి. పక్కన కూర్చోగలిగితే కూర్చోండి.

తలుపు దగ్గరగా వేసి, ఆరోజు అమ్మ అడిగిన మాటే నేనూ అడిగాను. ఆ మాట నోటికి రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"వస్తున్నాయక్కా, మళ్ళీ" అంది.

"చెప్పు" అన్నాను. చెప్పింది. విన్నాను. డాక్టర్‌కి ఫోన్ చేస్తే పొద్దున్నే రమ్మన్నారు. రాత్రి దాని పక్కనే పడుకున్నాను.

ఇప్పుడు క్లినిక్ బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నా భుజం మీద తల పెట్టి అది నిద్రపోతోంది. నిద్రలో "పెద్దమ్మా" అంటోంది. "అక్కా" అనదు.

అమ్మా, ఇక నువ్వు విశ్రాంతి తీసుకో. దీన్ని నేను చూసుకుంటాను.

కుళ్ళుకుంటూనే చూసుకుంటాను. నిశ్చింతగా ఉండు.