కావడి తాతతో మా అత్తయ్య పోరు

మా అత్తయ్యను ఎవరైనా "పాపం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడకు ఇంకా మండుతుంది. అసలు ఆ మాటను ఇంట్లోంచి తరిమేయడానికే ఆవిడ ఒక ముసలాయనతో నెలల తరబడి కొట్లాడింది. అత్త పోరు అంటే లోకానికి తెలిసిన అర్థం వేరు. మా ఇంట్లో అది టీవీలో జరిగింది.

ముందు ఆవిడెవరో చెప్పాలి. మా అత్తయ్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తుంది. పక్క సీట్లో కూర్చుని "క్లచ్! క్లచ్!" అని అరిచీ అరిచీ ఊళ్ళో సగం మందికి క్లచ్చమ్మ అయిపోయింది. మొదట్లో అదే స్కూల్లో ఫోన్లెత్తే ఉద్యోగం చేసేది. మామయ్య పోయాక ఒక్కగానొక్క కొడుకును చదివించుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా స్కూలు ఆవరణలో ఒక పాత కారును ముందుకూ వెనక్కూ తిప్పి తనంతట తనే నేర్చుకుంది. లైసెన్సు పరీక్షలో ఎన్నిసార్లు తప్పిందంటే, ఆవిడ గేటులోకి వస్తుంటేనే అక్కడి ఆఫీసరు నవ్వు ఆపుకోలేకపోయేవాడట. "నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుంది" అనుకుని మళ్ళీ వెళ్ళేదట.

నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. మిగతా మాస్టర్లు దాని మీదే కాలు పెట్టుకుని కూర్చుంటారు. కొత్తవాడు కాస్త తడబడితే చాలు, తొక్కేస్తారు. కారును తనే ఆపాననుకుని వాడు సంబరపడతాడు. అత్తయ్య తొక్కదు. ఎదురుగా మనిషో బండో అడ్డొస్తే తప్ప ఆ బ్రేకు జోలికి పోదు. కారు నడిరోడ్డు మీద దగ్గి ఆగిపోతే ఆగిపోనిస్తుంది. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా లెక్క చేయదు. "మోగనీ. వాళ్ళేమైనా తల్లి కడుపులోంచి స్టీరింగు పట్టుకుని ఊడిపడ్డారా? నువ్వు మళ్ళీ స్టార్ట్ చెయ్యి" అంటుంది. క్లచ్ ప్లేట్లు అరిగిపోతున్నాయని ఓనరు లబోదిబోమంటాడు. కానీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ ఇంకొకరి దగ్గర నేర్చుకోనక్కర్లేదు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే వంటింటి గోడకు జారబడి, చెమటలు కక్కుతూ మా ఆయనకు కనిపించింది. ఆసుపత్రి, గుండెలో స్టెంటు, ఆ తర్వాత విశ్రాంతి. చివరి చెకప్‌లో డాక్టరు, "ఇక అన్నీ చేసుకోవచ్చమ్మా, కారు కూడా నేర్పుకోవచ్చు" అన్నాడు. ఆ మాట మా ఆయన చెవికెక్కలేదు. ఆవిడ నీళ్ళ బిందె ముట్టుకుంటే పరిగెత్తుకొచ్చేవాడు. పేపరు చదివితే అలసిపోతావనేవాడు. అన్నిటికన్నా ఘోరం, గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈ తల్లీ కొడుకులు అంతకుముందు చీటికీ మాటికీ పోట్లాడుకునేవాళ్ళు, పావుగంటలో కలిసి టీ తాగేవాళ్ళు. ఇప్పుడు ఆవిడ ఏమన్నా ఆయన "సరేనమ్మా" అనేవాడు. తప్పును తప్పనడం కూడా మానేశాడు. అత్తయ్య ఆ సరేనమ్మలతో చిక్కిపోయింది, గుండెతో కాదు.

మా ఆయనకు టీవీకి తగిలించి ఆడే గేముల పిచ్చి ఉంది. తల్లికి పొద్దుపోవాలని ఒకటి పెట్టిచ్చాడు. అందులో పని మొక్కలకు నీళ్ళు పోయడం. అత్తయ్య రెండు మొక్కలకు పోసి గురక పెట్టింది. లేచాక, అలమరలో అడుగున పడున్న ఇంకో గేము తీసి ఇదేమిటంది.

"అది వద్దమ్మా. కుంగ్‌ఫూ గేము. అది నీవల్ల కాదు. నావల్లే కాలేదు."

కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే. "నీవల్ల కాదు" అని ఎవరితో అంటున్నాడో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

అదొక కొండ. కొండ నిండా మెట్లు, పైన మఠం. దారిలో గుమ్మానికొక యోధుడు కాపలా. మన చేతిలో ఉన్న పిల్ల ఉత్త చేతులతో, కాళ్ళతో వాళ్ళందరినీ ఓడించి పైకి వెళ్ళాలి. ఎక్కడ ఓడినా మళ్ళీ మొదటి మెట్టు దగ్గరికే. ఎదుటివాడు ముందు కొడతాడు, తర్వాత ఆలోచిస్తాడు. ఒకటి రెండు దెబ్బలు తగిలాయా, మన పని అయిపోయినట్టే. మా ఆయన రెండో గుమ్మం దగ్గర జాయ్‌స్టిక్‌ను సోఫాలోకి విసిరేసి, "ఇది మనుషులు ఆడే ఆట కాదు" అని తీర్పు చెప్పి దాచేసిన గేము అది.

మొదట్లో అత్తయ్య మీటలన్నీ ఒకేసారి నొక్కేది, కొత్తగా కారెక్కినవాళ్ళు బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కినట్టు. మొదటి గుమ్మం దాటడానికే వారాలు పట్టింది. తర్వాత కొట్టడం తగ్గించి చూడటం నేర్చుకుంది. "వాడి చేతులు కాదు అమ్మాయ్, భుజం చూడాలి. చెయ్యి లేచే ముందు భుజం చెప్పేస్తుంది" అని నాకు పాఠం చెప్పింది. నేనూ ఒకసారి ఆడాను. ఆ పిల్లను లేపిన ప్రతిసారీ పడేశారు. కోపంతో ఊగిపోయాను గానీ, జాయ్‌స్టిక్ కింద పెట్టబుద్ధి కాలేదు. మా ఆఫీసులో నాకు రావలసిన ప్రమోషన్ ఎందుకు రాలేదో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ఈ కొండ మీద మాత్రం ఎందుకు పడ్డామో తెలిసిపోతుంది. కాలు తీయడం ఆలస్యమైంది, అంతే. తీస్తే తగలదు. ఆ న్యాయం చూసి నాకు బయటి లోకం మీద కోపం రెట్టింపయింది.

"ఎందుకత్తయ్యా ఇంత అవస్థ?" అని అడిగాను.

"ఈ ఇంట్లో నన్ను చూసి జాలిపడనిది ఇదొక్కటే. నేను గుండెజబ్బు మనిషినని దీనికి తెలీదు. తప్పు చేస్తే తంతుంది, ఒప్పు చేస్తే దారిస్తుంది. ఇంతకన్నా మర్యాదేముంటుంది?"

ఆఖరి గుమ్మం దగ్గర కావడి తాత ఉంటాడు. ఆ పేరు అత్తయ్యే పెట్టింది. బక్కపలచటి ముసలాయన, భుజాన కావడి, రెండు వైపులా నీళ్ళ కుండలు. మనల్ని చూడగానే కుండలు నెమ్మదిగా కింద దించి, నడుం సర్దుకుని, దండం పెట్టి, ఆ కావడిబద్దతోనే ఎముకలు విరగ్గొడతాడు. మనం పడిపోయాక కుండలు తగిలించుకుని తన దారిన తను పోతాడు. అత్తయ్య రోజూ ఆయన చేతిలో తన్నులు తిని, "ముసలాడు గట్టిపిండమే" అంటూ టీ పెట్టుకోవడానికి లేచేది. ఆ వేళప్పుడు ఆవిడ ముఖంలో పాత కళ ఉండేది. మా ఆయనకు చెమట తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. తెర మీద ఆ పిల్ల పడిపోయినప్పుడల్లా వరండాలోకి వెళ్ళి నిలబడేవాడు. ఆయనకు వంటింటి గోడ గుర్తొస్తోందని నాకు తెలుసు. తెలిసినా చిరాకు తగ్గేది కాదు.

ఈలోగా అత్తయ్య మళ్ళీ డ్యూటీలో చేరింది. చేరిన దగ్గర్నుంచీ దొరికిన స్టూడెంట్లు అందరూ బంగారాలే. ఒకాయన మొదటిరోజే రెండు కార్ల మధ్య ఇరుకు సందులోకి రివర్సులో దూర్చేశాడట. "నా చెయ్యి తిరిగింది అమ్మాయ్. ఇంత త్వరగా ఎవ్వరూ నేర్చుకోలేదు ఇదివరకు" అని మురిసిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతున్నాను, మా ఆయన సోఫాలో ఉన్నాడు, అత్తయ్య కొండెక్కుతోంది. గుమ్మం తర్వాత గుమ్మం దాటేసి కావడి తాత ముందు నిలబడింది. ఆయన బద్ద ఎత్తాడు. పిల్ల వంగి తప్పించుకుంది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ తప్పించుకుంది, పక్కటెముకల్లో రెండు గుద్దింది. కాసేపటికి ముసలాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మఠం తలుపులు తెరుచుకున్నాయి. మా ఆయన చప్పట్లు కొట్టాడు. నేను బట్టలు వదిలేసి వెళ్ళి ఆవిణ్ణి కావలించుకున్నాను. ఆవిడ కదల్లేదు.

"నాకోసం ఆగాడు" అంది.

"ఎవరత్తయ్యా?"

"కావడి తాత. బద్ద ఎత్తి, నేను చూసుకునేదాకా ఆగాడు. ఇన్నాళ్ళుగా ఆయన దెబ్బలు తింటున్నాను, ఆయన చెయ్యి నాకు తెలీదా? ఎవరో పక్కనుంచి బ్రేకు తొక్కారు." కొడుకు వైపు తిరిగింది. "ఏరా?"

మా ఆయనకు అబద్ధమాడటం రాదు. నేలచూపులు చూస్తూ చెప్పేశాడు. ఆ గేములో ఎక్కడో అడుగున 'సాయం' అని ఒకటి ఉందట. అది పెడితే ఎదుటివాళ్ళు నెమ్మదిస్తారట. పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు పెట్టాడట.

"రోజూ నువ్వు ఓడిపోతుంటే చూడలేకపోయానమ్మా."

"చూడలేకపోతే కళ్ళు మూసుకో! నా ఓటమి నీకేం అడ్డొచ్చింది?"

"నీ గుండె..."

"నా గుండె నా దగ్గరే ఉంది, దాని సంగతి నేను చూసుకుంటాను. ఈ సన్మానం చెయ్యమని ఎవరడిగారు నిన్ను? గెలిచానని స్కూలంతా చెప్పుకునేదాన్ని. ఎవరైనా ఏదీ ఆడి చూపించమంటే మొహం ఎక్కడ పెట్టుకోను?" అని, ఉన్నట్టుండి ఆగింది. ఆ రివర్సు మనిషి గుర్తొచ్చినట్టున్నాడు. "స్కూల్లో కూడా నువ్వేనా?"

ఆయనే. ఓనరును కలిసి, కారు నడపడం ముందే వచ్చినవాళ్ళను, మానేసి చాలాకాలమై ఒకసారి చెయ్యి సరిచూసుకుందామని వచ్చేవాళ్ళను మాత్రమే అమ్మకు అప్పగించమని బతిమాలుకున్నాడు. ప్రేమతోనే చేశాడు, కాదనను. కానీ ప్రేమకు కూడా ఒక హద్దూ పద్దూ ఉండాలి. మడతపెడుతున్న తువ్వాలుతోనే ఆయన్ను నాలుగు బాదాలనిపించింది.

అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి. కొంగుతో మొహం తుడుచుకుని, అక్కడికక్కడే ఓనరుకు ఫోన్ చేసింది.

"రేపటి నుంచి నాకు కొత్తవాళ్ళనివ్వండి. స్టీరింగు మొహం చూడనివాళ్ళు కావాలి. కుదరదంటారా, ఎదురు వీధి స్కూలుకు పోయి వాళ్ళ క్లచ్ ప్లేట్లు అరగదీస్తాను." అటువైపు ఓనరు ఏమన్నాడో గానీ, "ఆ, ఇప్పుడు బాగుంది" అని పెట్టేసింది.

తర్వాత నన్ను పిలిచి ఆ సాయం ఎక్కడుందో వెతికి తీసేయమంది. గెలిచినట్టున్న ఆనవాలు కూడా చెరిపేయమంది.

"తలుపులు తెరుచుకున్నాయి కదత్తయ్యా, ఉండనీండి" అన్నాను, మనసొప్పక.

"తెరిచింది నేను కాదుగా." నేను చెరిపేశాను. ఆవిడ కొడుకు చెయ్యి పట్టి సోఫాలో కూలేసింది. "ఇవాళ నేను ఓడిపోతుంటే ఇక్కడే కూర్చుని చూడాలి. వరండాలోకి వెళ్ళావో, నీకూ నాకూ చెడుతుంది."

కోపంలో ఉందేమో, మొదటి గుమ్మం దగ్గరే పడింది. మా ఆయన దిండు గట్టిగా పట్టుకున్నాడు. మళ్ళీ ఎక్కింది, రెండో గుమ్మంలో పడింది. మళ్ళీ. ఆయన తెర చూడటం లేదు, తల్లి ఊపిరి చూస్తున్నాడు. మళ్ళీ. నేను టీ తెచ్చాను, ఎవరూ ముట్టుకోలేదు. ఒకసారి ఆవిడ ఎదుటివాడి తన్ను తప్పించుకుని, వాడి కాలే పట్టి మెట్ల మీద నుంచి దొర్లించేసింది. మా ఆయన నోట్లోంచి చిన్నగా "అబ్బా" అని వచ్చింది. ఆ తర్వాత ఆయన చూపు తెర మీదికి మళ్ళింది. దిండు ఎప్పుడు జారి కింద పడిందో చూసుకోలేదు. సోఫా చివరికి జరిగి, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

ఎండ తగ్గి గదిలో లైటు వేసే వేళకు కావడి తాత వచ్చాడు. కుండలు దించాడు, దండం పెట్టాడు. ఈసారి ఆయన ఎవరికోసమూ ఆగలేదు. బద్ద ఎప్పుడు లేచిందో నాకు కనపడలేదు. అత్తయ్యకు కనపడింది. కాచుకుంది, జరిగింది, కొట్టింది. ఒక దెబ్బ తినీ నిలబడింది. ముసలాయన తూలుతున్నాడు. ఇంకొక్కటి తగిలితే కూలిపోతాడు. అత్తయ్య ఎగబడింది. బద్ద గిర్రున తిరిగి వచ్చి పిల్ల మెడ మీద పడింది.

"అయ్యో! ఏంటమ్మా ఆ తొందర!" మా ఆయన టీవీకి అడ్డంగా లేచి నిలబడి అరుస్తున్నాడు. "ఒక్క దెబ్బ! ఒక్కటే మిగిలింది! ఆయన ఇంకా కాలు ఆనించకుండానే మీద పడితే ఎలా? మనిషికి కాస్తయినా ఓపిక ఉండొద్దా? నీ తప్పే! ముమ్మాటికీ నీ తప్పే!"

అరిచాక, ఏమన్నాడో తెలిసి నాలిక్కరుచుకున్నాడు.

అత్తయ్య నావైపు తిరిగింది. ఆ ముఖంలో అంత వెలుగు నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక చూడలేదు.

"విన్నావా అమ్మాయ్? నా కొడుకు నన్ను తిట్టాడు."

జాయ్‌స్టిక్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"తప్పు నాదేరా. ఇక పక్కకు జరుగు, మెట్లు కనపడటం లేదు."