నాపరాయి మీద తెల్ల మరక

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో చేరడానికి నన్ను ఏలూరులో మా పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. మాది కొల్లేటి లంక ఊరు. పడవలో దాటి బస్సెక్కితే గానీ బడి లేదు. పెద్దమ్మకూ పెద్దనాన్నకూ పిల్లల్లేరు. పెద్దమ్మ నన్ను బాగానే చూసుకుంది. అన్నంలో నెయ్యి వెయ్యడానికి ఏనాడూ వెనకాడలేదు. అందుకే ఆవిడ చేసిన పని ఈ వయసులో కూడా నాకు మింగుడు పడదు.

ఆ ఇంటి స్నానాల గదిలో నల్లటి నాపరాళ్ళు పరిచి ఉండేవి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి కాబట్టి, ఆరిన చోటల్లా తెల్లగా చార కట్టేది. గుమ్మం పక్క రాయి మీద మాత్రం అరచేయంత మరక ఒకటి ఎప్పుడూ ఉండేది. దసరా సెలవులకు అమ్మ దగ్గరికి పంపమని నేను గొడవ చేస్తే, పెద్దమ్మ నన్ను తీసుకెళ్ళి దాన్ని చూపించింది.

"ఈ మరక పోగొట్టు అమ్మాయ్, మర్నాడే బస్సెక్కించేస్తాను" అంది. చింతపండు గుజ్జూ కొబ్బరి పీచూ తనే నా చేతికిచ్చింది.

నేను నమ్మాను. నమ్మకుండా ఉండడానికి ఏముంది, పెద్దమ్మ కదా! గుజ్జు పట్టించి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు మండేదాకా రుద్దాను. చెంబుతో నీళ్ళు కొడితే రాయి నల్లగా నిగనిగలాడింది. మరక లేదు! పరుగున వెళ్ళి పెద్దమ్మను పిలిచాను. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే "ఆరాక చూద్దాంలే" అంది. ఆరాక చూస్తే మరక ఉన్నచోటే ఉంది.

ప్రతిసారీ అంతే. తడి మీద ఉండేది కాదు, ఆరితే తేలేది. సెలవులన్నీ ఆ రాయి మీదే అయిపోయాయి. బడి తెరిచాక ఆదివారాలు రుద్దాను. అరచేయంత మరక కంచమంత అయింది. నా చేతుల్లోనే ఏదో లోపం ఉందనుకుని ఏడ్చేదాన్ని. పెద్దమ్మ జాలిగా చూసి, ఇంకాస్త చింతపండు నానబెట్టేది.

పక్కింటి అక్క మిషన్ బడిలో టీచరు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఇంట్లోకి వచ్చింది. పెద్దమ్మ బజారుకు వెళ్ళింది. నేను రుద్దుతూ కనిపించేసరికి అక్క తెల్లచీర తడుస్తుందని కూడా చూడకుండా పక్కన కూర్చుని, వేలితో ఆ రాయిని తడిమింది.

"ఇది మరక కాదే పిల్లా. చార పోవాలని కిందటేడు మీ పెద్దమ్మగారు యాసిడ్ పోశారు. బుసబుసా పొంగి రాయిని తినేసింది. నాపరాయికి పులుపు తగలకూడదు. నువ్వు చింతపండు పెట్టేకొద్దీ పెరుగుద్ది గానీ పోదు."

"పెద్దమ్మకి తెలుసా అక్కా?"

అక్క వేలు కొంగుకి తుడుచుకుంది. "అప్పుడే చెప్పానమ్మా ఆవిడకి" అంది.

నా చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. కోపం కూడా రాలేదు. అక్క నా చేతులు కడిగి, ఒక పాత గుడ్డ తెచ్చి, నేల మీది నీళ్ళన్నీ లాగి పొడిగా తుడిచి చూపించింది. నీళ్ళు ఆరితేనే చార కడుతుందట. స్నానం అయిన వెంటనే తుడిచేస్తే, తోమే పనే ఉండదట.

ఆ సాయంత్రమే అక్క మా ఊళ్ళో నాన్నకు కార్డు రాసింది. నాలుగో రోజున నాన్న వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. అమ్మ రేవు దగ్గరే నిలబడి ఉంది. పరుగెత్తి వాటేసుకుంటే, తల నిమురుతూ మెల్లిగా అడిగింది. "పండక్కి రానన్నావంటగా? నీకక్కడే బాగుందని మీ పెద్దమ్మ రాసింది."

నేను రోజూ మోకాళ్ళు కొట్టుకుపోయేలా రుద్దుతుంటే, అమ్మ ఇక్కడ ఆ ఉత్తరం చదువుకుని ఊరుకుందన్నమాట. జరిగిందంతా చెప్పాను. అమ్మ నమ్మింది. కానీ అన్ని రోజులు అమ్మ నా గురించి అలా అనుకుని ఉంటుందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

చాలా ఏళ్ళ తరవాత, పెద్దనాన్న పోయాక, పెద్దమ్మ తాడేపల్లిగూడెంలో నేను కాపురముంటున్న ఇంటికే వచ్చి ఉంది. నేనే స్నానం చేయించేదాన్ని. ఒకరోజు ఆవిడకు చీర చుట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, వంగి నేల తుడుస్తుంటే అడిగింది.

"పంపిస్తే మళ్ళీ రావేమోనని భయపడ్డానే. నామీద కోపం పోయిందా అమ్మాయ్?"

"ఆరాక చూద్దాంలే పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ తల దించుకుంది. ఆ మాట అన్నందుకు నేను ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. అలాగని వెనక్కి తీసుకోనూ లేదు. ఆవిడ పోయేదాకా స్నానం చేయించాను, అన్నం కలిపి పెట్టాను. ఇప్పటికీ రోజూ స్నానాల గది నేల పొడిగా తుడుస్తాను. ఆవిడ అడిగినప్పుడు పోయిందని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. కానీ పోనిదాన్ని పోయిందని చెప్పడం ఆ రాయి దగ్గరే నాకు చేతకాకుండా పోయింది.