అమ్మ ఇస్త్రీ చేసిన పేలికలు

గుజరాత్ తీరాన హజీరా దాటాక రోడ్డు ఇసుకలో ముగిసింది. మా లారీలు అక్కడ ఆగాయి. మే నెల. ఉప్పుగాలి, సర్కారు తుమ్మలు, ఎదురుగా సముద్రం. నౌకాదళంలో నాకు ఇంటికి దగ్గరగా దొరికిన పోస్టింగు ఇదొక్కటే. సూరత్‌లోని బమ్రోలిలో నాన్న మగ్గం కార్మికుడు. అమ్మానాన్నా అక్కడే ఉండేవారు. కానీ నేనెక్కడున్నానో వాళ్లకు చెప్పకూడదని ఆర్డరు.

లారీల మీద ఉన్నవి ఓడలను కొట్టే క్షిపణులు. ఒడ్డున దాక్కోవాలి, కొట్టాలి, వెంటనే చోటు మార్చాలి. ఆ వారం మాకు పరీక్ష. మన విమానమే మమ్మల్ని వెతుకుతుంది. కనబడ్డామా, నిజమైన క్షిపణిని వదిలే అవకాశం ఇంకో దళానికి పోతుంది. ఏళ్లుగా ఉత్త డ్రిల్లులే చేసినవాళ్లం. అందరికీ అదే బెంగ.

లారీల మీద కప్పే వలకు కట్టే మట్టిరంగు గుడ్డలు చాల్లేదు. కమాండర్ నన్ను ఊళ్లోకి పంపాడు. సూరత్‌లో పేలికలకు కరువా? అమ్మకు ఫోన్ చేశాను.

"ఏందిరా, గిన్ని పేలికలు ఏం జేస్కుంటవ్?"

"సర్కారు పనమ్మా. మాసినయే గావాలె."

నేను వెళ్లేసరికి మూట సిద్ధం. మగ్గాల దగ్గర అడిగి తెచ్చి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మడతపెట్టింది.

"సర్కారుకు మాసినయి ఇస్తరార ఎవలన్న?"

ఆ మూట అలాగే మోసుకొచ్చాను. క్షిపణి వదిలే లారీ డ్రైవర్‌ది కరీంనగర్. మూట విప్పి తల పట్టుకున్నాడు.

"అన్నా, గివి పైనుంచి జూస్తె అద్దాల లెక్క మెరుస్తయి!"

కమాండర్ కూడా పగలబడి నవ్వాడు. ఆటు సమయం, సముద్రం దూరంగా ఉంది. అందరం మోకాలిలోతు బురదలోకి దిగి ఆ పేలికలను తొక్కాం. తడిగానే వలకు కట్టేశాం.

మర్నాడు విమానం మా నెత్తిమీద రెండుసార్లు తిరిగింది. ఎవరమూ కదల్లేదు. రేడియో మనిషి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"కనబడలేదట సార్. వెళ్లిపోతున్నాడు."

సాయంత్రానికి క్షిపణి వదలమని ఆర్డరు వచ్చింది. వల లాగేశాం. క్షిపణి లేచింది. మా మీద ఇసుక కురిసింది. దూరాన గురిగా నిలిపిన పాత ఓడకు తగిలిందని రేడియో చెప్పగానే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

పోస్టింగు ముగించుకుని ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది.

"గా పేలికలు పనికొచ్చినయా బిడ్డా?"

"మస్తు పనికొచ్చినయ్."

"మంచిగ ఉతికిన గద మరి."

అవునన్నాను. ఆ ఒడ్డు తలచుకుంటే ఇప్పటికీ మొదట కనబడేది కిందపడ్డ ఆ వలే. అందులో ఎండిన ఒక పేలిక. దాని నిండా తాపీ నది తెచ్చిన బురద. మధ్యలో అమ్మ ఇస్త్రీ మడత అలాగే నిలబడి ఉంది.