ముగ్గు మీద ఎనిమిది

మా స్కేటింగ్ సంఘం కార్యదర్శి మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు. ఫిగర్ స్కేటింగ్ జాతీయ పోటీలకు మా వయసు విభాగంలో రాష్ట్రం నుంచి ఒక్కరినే పంపేవారు. మరుసటి ఏడాదికి నా వయసు దాటిపోతుంది. ఆ ఒక్క చోటూ తన మేనల్లుడికే ఇవ్వాలని ఆయన ముందే నిశ్చయించుకున్నారు.

మా ఆట మంచు మీద కాదు. విశాఖలో మంచు ఉండేది చేపల పెట్టెల్లోనే. మాది బీచ్ పక్కన సిమెంటు గచ్చు, నాలుగు చక్రాల బూట్లు. గచ్చు మీద పెయింటుతో రెండు పెద్ద ఎనిమిదులు గీసి ఉండేవి. ఒంటికాలి మీద, గీత చక్రాల నడుమ నుంచి తప్పకుండా, ఎనిమిది మొత్తం చుట్టి రావాలి. అదే ఫిగర్.

నేను ఉక్కు టౌన్‌షిప్ నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. వరుస ఎప్పుడూ ఒకటే: పోర్టు నుంచి ఎగిరొచ్చిన బొగ్గుదుమ్ము ఊడవడం, బేరింగులు కిరసనాయిలుతో కడగడం, నట్లు బిగించడం, ఆ తర్వాతే సాధన. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివేవాణ్ణి కాబట్టి ఆ పని నాకు కష్టం కాదు. పక్కనున్న బీచ్ గట్టు మీద కూర్చునే కుర్రాళ్లే కష్టం.

"బావా, ఫిగర్ స్కేటింగంట. ఫిగరేదిరా?"

"ఆడే ఫిగరు. నడుం ఎలా తిప్పతన్నాడో సూడు!"

ఎంపిక రోజు పొద్దున వెళ్లేసరికి గచ్చంతా తెల్లగా ఉంది. ముఖ్య అతిథి కోసమని కార్యదర్శిగారి ఇంటి ఆడవాళ్లు వచ్చి, ఎవరో ముగ్గు మొదలుపెట్టి వదిలేశారనుకుని, మా ఎనిమిదుల చుట్టూ పద్మాలు వేశారు. తప్పు తెలిశాక చీపురుతో ఊడ్చారు. పిండి పోలేదు, పల్చగా పరుచుకుంది.

"సార్, పొడి మీద చక్రాలు జారతాయి. కడిగిద్దాం," అన్నాను కార్యదర్శితో.

"పెద్దాయనొచ్చే టైముకి ముగ్గు కడిగేత్తావేటి? అపశకునం. సేతకాకపోతే ఇంటికెళ్లిపో."

ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నాక, ఎడమవైపు ఎనిమిది మీద మేనల్లుడు వెళ్లాడు. కుడివైపు దాని మీద నేను. జారకుండా ఉండాలంటే వేగం తగ్గించాలి. తగ్గిస్తే ఒంటికాలు వణుకుతుంది. పళ్లు బిగించి, ఎనిమిదిని మూడుసార్లు చుట్టాను.

నిర్ణేతలు ముగ్గురూ కార్యదర్శి పిలిపించినవాళ్లే. ఆయన వాళ్ల చెవిలో ఏదో చెప్పి, మేనల్లుడి వీపు తట్టారు. అప్పుడు గట్టు దగ్గర చేపల తట్ట దించుకుని చూస్తున్న జాలరిపేట మామ్మ ఒకామె, పక్కనున్న ఆమెతో గట్టిగానే అంది:

"ఒలే, ఆ గుంటడి సారలు రెండే రెండు. ఈ గుంటడివి సూడు, పీత నడిసినట్టున్నాయి."

అందరం గచ్చు వైపు చూశాం. పిండి మీద చక్రాల జాడలు పడ్డాయి. గీతకు అటొకటీ ఇటొకటీ, మూడు చుట్లకూ కలిపి నావి రెండే చారలు. వాడివి లెక్కలేనన్ని, ఒకచోట గీత దాటి జానెడు బయటికి పోయాయి.

"నీకేటి తెలుసే? సేపలమ్ముకో!" అని కార్యదర్శి కసిరారు.

"సేపలమ్ముకుంటే ముగ్గెయ్యడం రాదేటి బాబూ?"

గట్టంతా నవ్వింది. ముఖ్య అతిథి కుర్చీలోంచి లేచి వచ్చి, రెండు ఎనిమిదులనూ వంగి చూశారు. "కుడివైపు అబ్బాయే కదండీ?" అన్నారు. ఇక కార్యదర్శికి దారి లేదు. నా పేరు చదివి, మైకు పక్కకు జరిపి నాతో అన్నారు:

"ఎల్లరా ఎల్లు. అక్కడ బోర్లా పడి, పరువు తీసుకుని రా."

పడలేదు. ఆ ఏడాది జాతీయ బంగారు పతకం నాదే. జట్టు మేనేజరుగా ఆయనా వచ్చారు. రైల్లో నాతో ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, పతకం మెడలో పడగానే ఫొటో కోసం నా పక్కకు వచ్చి, భుజం మీద చెయ్యి వేయబోయారు. నేను పక్కకు జరిగాను. ఫొటోలో ఆయన చెయ్యి గాల్లోనే ఉంది.