ఎర్ర తీగలో వెళ్లిన ఉపన్యాసం

1998 ఎండాకాలంలో నన్ను ఆదిలాబాద్ నుంచి ఉట్నూరుకు బదిలీ చేశారు. హోదా దృశ్య శ్రవణ సహాయకుడు. వినడానికి ఘనంగానే ఉంటుంది. చేసే పని మాత్రం జీపులో టీవీ, జనరేటరు ఎక్కించుకుని సంతలకు వెళ్లడం, జనానికి ఆరోగ్యం మీద వీడియో చూపించడం, దుమ్ము దులుపుకుని తిరిగి రావడం. ఆఫీసు పేరు చెప్పను. అందులో పనిచేసినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు, మిగతావాళ్లకు తెలిసి ఒరిగేదేమీ లేదు.

అప్పటిదాకా క్యాసెట్లతోనే నెట్టుకొచ్చాం. ఏజెన్సీ దారుల దుమ్ముకు టేపులు నలిగిపోయేవి. ఆ ఏడాది పైనుంచి వీడియో సీడీ ప్లేయర్లు వచ్చాయి, వాటి వెనకే ఒక ఉత్తర్వు కూడా వచ్చింది: ఒక చిత్రానికి ఒకే డిస్కు. డిస్కులో పట్టేది డెబ్బై నాలుగు నిమిషాలేనని ఆ ఉత్తర్వు రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వానాకాలంలో పిల్లలకు వచ్చే వాంతులు, విరేచనాల మీద మేం తీసిన చిత్రం అరవై నిమిషాలు. దానికి ముందు మా ప్రచారాధికారి గారి ప్రారంభోపన్యాసం ఇరవై నిమిషాలు. మొత్తం ఎనభై. ఎక్కువైన ఆరు నిమిషాలు ఎక్కడున్నాయో ఉపన్యాసం విన్న ఎవరికైనా తెలుస్తుంది. అధికారి గారికి మాత్రం అవి చిత్రంలోనే కనిపించాయి.

ఇక్కడ వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. కెమెరా క్యాసెట్టులోని వీడియోను కంప్యూటర్లోకి ఎక్కిస్తే అది ఏవీఐ ఫైలుగా, హార్డ్ డిస్కంతా ఆక్రమించి కూర్చునేది. ఏవీఐ అన్నది డబ్బా పేరు మాత్రమే. లోపల బొమ్మ, ధ్వని విడివిడిగా ఉంటాయి. సైజు తగ్గాలంటే లోపలి సరుకును కుదించాలి. ఎంపెగ్ అనే పద్ధతి చేసేది అదే. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య మారినదాన్ని రాసుకుంటుంది, మారని గోడను మళ్లీ మళ్లీ రాయదు. ఆ పని చేయించాలంటే కరీంనగర్ స్టూడియోకు వెళ్లాలన్నాను.

మా అధికారి గారు హైదరాబాద్‌లో కంప్యూటర్ శిక్షణ పొంది వచ్చిన మనిషి. ఫైలు పేరు చివర ఉన్న ఏవీఐని చెరిపి, ఎంపీజీ అని కొట్టి, కుర్చీలో వెనక్కి వాలారు. "అయిపోయింది సూడు. గింత దానికి కరీంనగర్ దాక పోతనంటవేంది?" అన్నారు. టిఫిన్ డబ్బా మీద పేరు మారిస్తే లోపలి కూర మారదు కదా. సైజు ఇసుమంత కూడా తగ్గలేదు. కంప్యూటరు పాతబడిందని ఆయన తేల్చారు.

తర్వాత ఆయన చూపు గోండి మీద పడింది. వీడియో సీడీలో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, రెండు ధ్వనులు పెట్టవచ్చు. మేం ఎడమ వైపు తెలుగు, కుడి వైపు గోండి పెట్టాం. ప్లేయరు వెనక తెల్ల తీగ టీవీకి పెడితే తెలుగు వస్తుంది, ఎర్ర తీగ పెడితే గోండి వస్తుంది. "గోండి తీసెయ్, సగం తగ్గుతది" అన్నారాయన. ధ్వనికి కేటాయించిన చోటు చాలా తక్కువనీ, అది కూడా స్థిరమనీ, ఒక భాష తీసేసినా ఒక్క నిమిషం కలిసిరాదనీ విన్నవించాను. బొమ్మను ఇంకా పిండితే ప్లేయరు ఆడదు. దానికి సెకనుకు ఇంత అని ఒకటే కొలత. ఉరికే వాగుకైనా, మైకు ముందు కదలని అధికారికైనా అంతే చోటు పడుతుంది. అంటే నిడివి కోయడం తప్ప మార్గం లేదు. ఉపన్యాసం ముట్టుకోకుండా చిత్రం చివరి ఆరు నిమిషాలు తీసెయ్యమని ఆదేశమైంది.

ఆ ఆరు నిమిషాల్లో ఉన్నది జంగుబాయి. ఏజెన్సీ గూడేల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త, గోండు మనిషి. పిల్ల నీరసించినప్పుడు ఉప్పు చక్కెర నీళ్లు ఎలా కలపాలో చేసి చూపించింది అక్కడే. మిగతా చిత్రమంతా జబ్బు ఎందుకొస్తుందో చెబుతుంది, వస్తే ఏం చేయాలో చెప్పేది ఆ ఆరు నిమిషాలే. కిందటి వానల్లో వాగు పొంగి జీపు అందక, ఒక పసిపిల్ల ఆమె చేతుల్లోనే పోయింది. కోత సంగతి చెప్పగానే, "సారు ముచ్చట ఇంటె పిల్లలు బతుకుతరా?" అని అడిగింది. నాకు బాగా కోపం వచ్చింది.

డిస్కు తయారు చేయడానికి కరీంనగర్ వెళ్లాం. పెళ్లి వీడియోలు తీసే సత్తయ్య స్టూడియోలో సీడీ రాసే యంత్రం ఉండేది. గోండి మాటలు కొన్ని సరిదిద్దాలని జంగుబాయి కూడా వచ్చింది. ఉపన్యాసం చూస్తూ చూస్తూ, "గీ సారు మాట్లాడుతుంటె ఎర్ర తీగల ఏమొస్తది?" అని అడిగింది. ఏమీ రాదన్నాను. ఆయన ఉపన్యాసానికి అనువాదం అక్కర్లేదని ఆయనే సెలవిచ్చారు మరి.

"గంత సేపు ఖాళీ ఎందుకు పెట్టుడు? జర నన్ను మాట్లాడనియ్యుండ్రి."

ఆరు నిమిషాలు కోసిన చోట ఇరవై నిమిషాలు దొరికాయి. కలపడం చూపించే బొమ్మ లేదే అని సత్తయ్య గొణిగాడు. జంగుబాయి తెర చూపించింది. అధికారి గారు పట్టుదల గురించి చెబుతూ పిడికిలి బిగించే చోట, గుప్పెడు చక్కెర అని గోండిలో చెప్పింది. ప్రభుత్వం తెచ్చిన మూడు పథకాలంటూ ఆయన మూడు వేళ్లు ఎత్తే చోట, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు అంది. గ్లాసెత్తి నీళ్లు తాగే చోట, కొంచెం కొంచెంగా తాగించాలంది. మొదటిసారికే అన్నీ అతికాయి. సత్తయ్య నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

ఆఫీసులో తెల్ల తీగ పెట్టి చూపించాను. తన ఉపన్యాసం అక్షరం పోకుండా ఉందని అధికారి గారు సంతృప్తి చెందారు.

మొదటి ప్రదర్శన ఒక గోండు గూడెం సంతలో. అధికారి గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. నేను ఎర్ర తీగ పెట్టాను. తెర మీద ఆయన పెదవులు కదిలాయి, జంగుబాయి గొంతు వినిపించింది. ఉలిక్కిపడి నా వైపు చూశారు. "గోండిల చెప్తున్నది సార్" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. జనం కదలకుండా వింటున్నారు. మూడు వేళ్లు లేచినప్పుడు వెనక ఆడవాళ్లు కూడా మూడు వేళ్లు ఎత్తి చూసుకున్నారు. అధికారి గారి కళ్లు చెమర్చాయి. తన మాటను ఇంత శ్రద్ధగా విన్న జనాన్ని ఆయన అంతకుముందు చూసి ఉండరు.

ఆ వానల్లో అదే సంతకు మళ్లీ వెళ్లాం. ఒక ముసలామె మనవరాలిని చంకనేసుకుని వచ్చి, అధికారి గారి ముందు నిలబడింది. పిడికిలి చూపించింది, మూడు వేళ్లు చూపించింది, గోండిలో ఏదో చెప్పి ఆయన చెయ్యి కళ్లకద్దుకుంది. చంకలో పిల్ల జిలేబీ నములుతోంది. జంగుబాయి మొహం తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏమంటున్నదని ఆయన అడిగితే, "మీరు చెప్పినట్టే చేసిందట సార్" అంది.

ముసలివాళ్లకు సైతం మూడు పథకాలూ కంఠతా వచ్చాయని ఆయన పైకి నివేదిక పంపారు. ప్రశంస కూడా వచ్చింది, ఆయనకే.

వీడియో సైజు తగ్గించడం గురించి ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. ఏది కోయాలా అని వెతికేముందు, డబ్బాలో ఏ మూల ఖాళీగా ఉందో చూడాలి. ఆ మూల సాధారణంగా ఉపన్యాసంలోనే దొరుకుతుంది.