అమ్మ బొట్టు పెట్టిన స్ఫటికం

మొన్న మా ఇంటికి కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినతను వసారాలో చాప మీద కూర్చుని, తలవెంట్రుక కన్నా ఏమంత లావు లేని రెండు గాజు పోగుల్ని ఒక చిన్న పెట్టెలో ఎదురెదురుగా పెట్టి, మూత వేసి మీట నొక్కాడు. నేను టీ గ్లాసు అతని పక్కన పెట్టేలోపే ఆ పెట్టె తనంతట తానే పోగుల్ని జరుపుకుని, కొసా కొసా కలుపుకుని, అతికించేసి, పని అయిపోయిందన్నట్టు కీచుమంది. పని ఇంత తేలికైపోయిందా అని నేను ఆశ్చర్యపోవాల్సింది పోయి, పెట్టె మూత మీద ఎండిపోయి ఉన్న కుంకుమ బొట్టు కేసి చూస్తూ ఉండిపోయాను. పనిముట్లకి బొట్టు పెట్టే విశ్వకర్మ పూజ వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. ఆ బొట్టు చూడగానే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, నాకు అమ్మ పెట్టిన బొట్టే గుర్తుకొచ్చింది.

మన ఈడు వాళ్ళకి ట్రంకు కాల్ అంటే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళంలో పెద్దనాన్నకి బాగోలేదని తెలిస్తే కాల్ బుక్ చేసి, పూటంతా కాచుకుని, చివరికి గొంతు చించుకుని అరిస్తే అవతల వాళ్ళకి సగం వినిపించేది, ఆ సగమూ పక్క స్టేషను గిరిమైదాన్ వరకు వినిపించేది. అటువంటి రోజుల్లో, ఎనభైల చివర, బెంగాల్లో మా ఖరగ్‌పూర్ ఊరి శివార్లలో ఒక చిన్న పరిశోధనశాలలో నాకు ఉద్యోగం దొరికింది. గాజు పోగులో పరిగెత్తే వెలుగు మీద మనుషుల మాటల్ని ఎక్కించి పంపాలి, అదీ ఒకరిద్దరివి కాదు, వేలమందివి ఒకేసారి, అదీ మా పని. మైక్రోవేవ్ అంటే ఈ కాలం పిల్లలు అన్నం వేడిచేసే డబ్బా అనుకుంటారు గానీ, మాకు అది రెప్పపాటులో కోట్లసార్లు ఊగే కరెంటు. ఆ ఊపు వెలుగుకి అంటాలంటే మధ్యలో ఒక స్ఫటికం ఉండాలి. అగ్గిపుల్లంత పొడుగు, గోరంత మందం కూడా లేని ఒక తెల్లని పలుకు. దాని పొట్టలో వెలుగు నడిచే దారి ఒకటి, పైన బంగారు పూత గీతలు రెండు. అంతకు మించి ఏమీ లేదు, కానీ దాన్ని చెయ్యడానికి మాకు ఏళ్ళు పట్టింది.

కష్టమంతా దాని రెండు కొసల దగ్గర ఉండేది. కొసల్ని అద్దంలా సాన పట్టాలి, ఎక్కడ చిన్న గీత పడినా వెలుగు చెదిరిపోతుంది. సాన పడుతుంటేనే పలుకులు ఒక్కొక్కటీ పెళ్ళుమని విరిగిపోయేవి. ఆఖరికి మాకు మంచిది ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదాని కొసకి గాజు పోగుని ఎదురు పెట్టి, కంటికి కనపడని వెలుగుని మీటరు ముల్లులో వెతుక్కుంటూ, మరల్ని ఊపిరి బిగబట్టి తిప్పాలి. ఊళ్ళోంచి బొగ్గు గూడ్సు పోతే చాలు, ముల్లు వణికిపోయేది. అందుకని రాతి పలకని గాలి నింపిన స్కూటరు ట్యూబుల మీద పరిచి, స్ఫటికాన్నీ పోగునీ దాని మీద పెట్టుకున్నాం. వణకని పరదేశపు బల్ల కొనే స్తోమత మాకెక్కడిది.

ఆ ఏడు విశ్వకర్మ పూజ మర్నాడు, ప్రాజెక్టుకి డబ్బిచ్చే పెద్దలు వచ్చి చూస్తారని కబురొచ్చింది. పని చేస్తే ప్రాజెక్టు ఉంటుంది, చెయ్యకపోతే అక్కడితో మూసేస్తారు. మూసేస్తే మా పరిశోధన నడిపించే గైడుగారికి ఇంకొక ప్రాజెక్టు ఉంటుంది, నాకు మాత్రం ఆ బల్ల తప్ప ఇంకేమీ లేదు. రైల్వే క్వార్టర్సులో మా వరసలో ఫిజిక్సు చదివిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళు చదివి ఏం ఊడబొడిచింది అని నోళ్ళు నొక్కుకునేవాళ్ళు గోడకి ఒకరు ఉండేవారు. వాళ్ళ ముందు అమ్మ మాత్రం, మా అమ్మాయికి సొంత మెషినుంది, అని మెడ ఎత్తుకుని తిరిగేది. ఆ మెషిను ఏమిటో, ఏం చేస్తుందో ఆవిడకి తెలీదు, తెలియాలనీ అనుకోలేదు.

మెషిను అంటే అమ్మకి ఎంతటి మాటో మా ఊరివాళ్ళకే అర్థమవుతుంది. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. విశ్వకర్మ పూజ రోజున కారఖానా గేట్లు తీసి ఇంటివాళ్ళందరినీ లోపలికి రానిచ్చేవారు. పైన ఆకాశం నిండా గాలిపటాలు, కింద పిల్లా జెల్లా కొత్త బట్టలతో. ప్రతి ఇల్లాలూ తన ఇంటాయన పని చేసే యంత్రం దగ్గరికి వెళ్ళి పసుపు రాసి బొట్టు పెట్టేది. అమ్మ బొట్టు నాన్న లేతు మెషిను కాళ్ళకి పెట్టేది కాదు, ఇనుముని చెక్కే ఉలి బిగించే చోటే పెట్టేది. అన్నం పెట్టే చోటు అదే కదా అనేది. ఆ రోజు యంత్రాలు తిరగవు గనుక పెట్టినా చెల్లేది, మర్నాడు నాన్న నూనెగుడ్డతో తుడుచుకునేవాడు.

ఆ పూజ రోజు పొద్దుటికే మాకు ముల్లు నిలబడింది. అంతకుముందెన్నడూ అంత వెలుగు రాలేదు. ఇక దేన్నీ ముట్టుకోవద్దు అనుకుని, నేను గైడుగారి చార్టులకి దళసరి కాగితాలు తెద్దామని సైకిలెక్కి గోల్‌బజార్‌కి వెళ్ళాను. మా దగ్గర నాకన్నా సీనియరు అయిన బెంగాలీ దాదా గదిలో కాపలా ఉన్నాడు. పండగ రద్దీలో దారి దొరక్క నేను తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. వరండాలో అమ్మ చెప్పులు కనిపించాయి. లోపలినుంచి అగరొత్తుల వాసన. నా చేతిలో కాగితాలు అక్కడే జారిపోయాయి.

అమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమల పళ్ళెంతో బల్ల పక్కన నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"వచ్చినావా అమ్మీ. నీ మెషినుకి బొట్టెట్టినాను సూడు. ఉత్త బల్లకెడితే ఏటి లాభం, పని సేసేది ఎక్కడని ఈ బాబునడిగినాను. సూపించినాడు."

దాదా చూపించాడు. మాసీమా, అంటే పిన్నిగారు, అడిగింది కదా అని, గర్వంగా మూత తీసి, భూతద్దం జరిపి, ఇదుగో ఇంత చిన్నది అని చూపించాడు. కుర్చీ తెద్దామని అతను అటు తిరిగేలోపు అమ్మ ఉంగరపు వేలితో అద్దేసింది. అతన్ని మాత్రం ఏమనగలను. పండగ పూట యంత్రానికి బొట్టు వద్దని ఒక తల్లితో అనడం అతని ఇంట్లోనూ ఎవరూ ఎరగరు. ముఖంలో రక్తం చుక్క లేదు, అయినా అమ్మతో "ఖూబ్ భాలో, మాసీమా", చాలా బాగుంది అంటున్నాడు.

ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

అమ్మ నా ముఖం చూసింది. నవ్వు కొంచెం తగ్గింది. "తప్పు సేసినానేటి?" అంది. లేదమ్మా, నువ్వు వరండాలో కూర్చో, ఇద్దరం కలిసి ఇంటికెళదాం అన్నాను. ఆవిడ పళ్ళెం పట్టుకుని మెల్లగా బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

భూతద్దంలో చూస్తే గుండె ఆగినంత పనైంది. ఆ స్ఫటికానికి ఒక పాడు గుణం ఉంది, కాస్త వేడి తగిలితే చాలు, ఒళ్ళంతా కరెంటు పుట్టి, తలదువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కున్నట్టు దుమ్ముని లాక్కుంటుంది. అగరొత్తి సెగకి అది కుంకుమనంతా కొసకి లాక్కుని కూర్చుంది. కుంకుమలో ఇసక నలుసు ఒక్కటి ఉన్నా, తుడిస్తే గీత పడుతుంది. గీత పడితే మళ్ళీ సాన పట్టాలి, సాన పడితే విరగవచ్చు, రేపు పొద్దున్నే పెద్దలు వస్తారు. తుడవకపోతే ఎలాగూ వెలుగు రాదు. నీ చెయ్యి నాకన్నా తేలిక, నువ్వే చెయ్యి అన్నాడు దాదా.

తుడవలేదు, కడిగాను. ఇంజెక్షన్ సూదిలో, మురికిని కరిగించే ఎసిటోన్ పట్టి చుక్క చుక్కగా కొస మీద వదిలాను. మొదటి చుక్కకే కుంకుమలోని పసుపు కరిగి కొసంతా పచ్చగా పరుచుకుపోయింది, ఉన్నది కూడా పోయిందనుకున్నాను. దాదా కళ్ళు మూసుకుని వాళ్ళ అమ్మవారిని ఏదో గొణుక్కుంటున్నాడు. మళ్ళీ చుక్క, మళ్ళీ చుక్క. పచ్చ పలచబడుతోంది గానీ ఎర్ర పలుకులు కదలవు. ఈలోగా గైడుగారు వచ్చారు. ఏం జరిగిందో బల్ల చూడగానే తెలిసిపోయింది ఆయనకి. అరుస్తారేమోనని భయపడ్డాను, నన్ను తిడతారని కాదు, గుమ్మం బయట అమ్మకి వినిపిస్తుందని. ఆయన బెంచీ కేసి ఒకసారి చూసి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మాట్లాడకుండా స్టూలు మీద కూర్చున్నారు. ఆయన రుణం నేను ఈ జన్మలో తీర్చుకోలేను.

కిటికీలో ఎండ ఎర్రబడుతుండగా కొస అద్దంలా తేలింది. పోగుని మళ్ళీ ఎదురు పెట్టి మర తిప్పడం మొదలుపెట్టాను. ముల్లు కదల్లేదు. ఎంతసేపటికీ కదల్లేదు. గూడ్సు ఏదో పోయింది, బల్ల వణికింది, ఆ వణుకులో ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి మళ్ళీ పడిపోయింది. దారి ఎటుందో దాంతో అందింది. అటే తిప్పాను. ముల్లు లేచింది. పొద్దుటంత కాదు గానీ లేచి నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది, ఏడిస్తే చెయ్యి కదులుతుందని అది కూడా ఆపుకున్నాను.

మర్నాడు వచ్చిన పెద్దల్లో అందరికన్నా వయసు మళ్ళినాయన మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, బంగారు గీత పక్కన ఈ ఎర్ర నలుసు ఏమిటని అడిగారు. ఒక్క కుంకుమ పలుకు మిగిలిపోయింది, మేమెవరం చూసుకోలేదు. గైడుగారు తొణక్కుండా, నిన్న విశ్వకర్మ పూజ అన్నారు. ఆ పెద్దాయన తల ఎత్తి, మా ముగ్గురినీ చూసి, సరే, సిగ్నలు పెట్టండి అన్నారు. పెట్టాం. మైక్రోవేవ్ ఊపుకి వెలుగు ఊగింది. తెర మీద ఆ ఊపు గీతగా పాకుతుంటే దాదా నా వెనక నిలబడి ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ప్రాజెక్టు నిలబడింది.

అమ్మకి ఎవరం ఏమీ చెప్పలేదు. క్వార్టర్సులో మాత్రం తన బొట్టు మహిమ వల్లే గట్టెక్కిందని ఆవిడ చెప్పుకుంటుందనుకున్నాను, ఎప్పుడూ చెప్పుకోలేదు. మరుసటి ఏడు పూజకి అదే పట్టుచీరతో, అదే పళ్ళెంతో రిక్షా దిగింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. గది గుమ్మానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, అక్కడినుంచే బల్లకి దణ్ణం పెట్టుకుని, "ఇక్కడెడితే సాలమ్మీ, ఆ సామికందుతాది" అంది. ఎవరు చెప్పారని దాదాని నిలదీస్తే, ఒట్టు, నేను కాదన్నాడు. ఆ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని ఆవిడ ఎంత విన్నదో, ఎంత మింగుకుందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

కనెక్షన్ అతను సామాను సర్దుకుంటుంటే, బొట్టు ఎవరు పెట్టారు బాబూ అని అడిగాను. మన తెలుగువాడే. మా ఆడోళ్ళేనమ్మా అన్నాడు. లోపల పెట్టలేదా అంటే నవ్వాడు. "లోపలెట్టనిస్తానేటమ్మా, లెన్సు పాడైపోదా."

నిజమే, ఇప్పుడు అన్నిటికీ మూతలున్నాయి. మేము ఊపిరి బిగబట్టి పట్టుకున్న వెలుగు ఇవాళ మా వీధి కింద నుంచి, చేపల బజారు కింద నుంచి ప్రతి ఇంటికీ పోతోంది, ఒక ముల్లు కోసం ఎవరి గుండే ఆగనక్కర్లేదు. అందుకే కదా అంత కష్టపడ్డాం, సంతోషించాలి. సంతోషమే. కానీ అదేమిటో తెలియకపోయినా, మా అమ్మాయిది అని నమ్మి, పట్టుచీర కట్టుకుని రిక్షా ఎక్కి వచ్చే మనిషి మళ్ళీ దొరకదు.

అతను వెళ్ళాక, అతను గోడకి బిగించిన చిన్న ఇంటర్నెట్ డబ్బా పచ్చగా మిణుకుతుంటే, దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చాను. మూత మీదే పెట్టానమ్మా.